టికెట్ లేని సంచులు

మూత తీసి, పెట్టి చూడనిదే సాయమ్మ డబ్బా కొనదు. అది తొంభై తొమ్మిది రూపాయల దుకాణమైనా సరే, వెనక జనం తోసుకుంటున్నా సరే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన, 'ఏది తీసుకున్నా తొంభై తొమ్మిది' అని రికార్డు చేసిన గొంతు పొద్దున్నించీ ఆగకుండా అరుస్తున్న ఆ దుకాణంలో, ఆమె నేల మీద గొంతుక్కూర్చుని ఒక్కో ప్లాస్టిక్ డబ్బానీ చెవి దగ్గర పెట్టుకుని మూత నొక్కుతోంది. టక్కుమన్నవి ఒక పక్కకి, అననివి ఇంకో పక్కకి పెడుతోంది.

"అమ్మా, డబ్బా కొంటున్నవా, పిల్లకు సంబంధం చూస్తున్నవా?" అన్నాడు బిల్లు దగ్గర కూర్చున్న మనిషి.

"సంబంధానికి గింత చూడరు లే. అది కుదరకున్నా ఎట్లనో నడుస్తది. మూత కుదరకపోతే పప్పుచారంత సంచిల కారిపోతది," అంది సాయమ్మ తలెత్తకుండా.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె తన బుట్టలోని డబ్బా తీసి తనూ మూత నొక్కి చూసుకుంది.

అన్నీ బిగుతువే కావాలని కూడా కాదు. కౌసల్యమ్మకి చేతులు వణుకుతాయి, ఆమెకి వదులు మూతది కావాలి. సౌజన్య పొద్దున్నే అన్నం కట్టుకుని నాగోల్ దాకా పనికి పోతుంది, ఆమెకి బిగుతుది. షుగరున్న అవ్వకి బిస్కెట్లు కాదు, వేయించిన శనగలు. మడమలు పగిలే మనిషికి మందపాటి సాక్సులు. ఎల్బీనగర్‌లో వాళ్ళ చర్చి ఏటా డిసెంబరులో, పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్ నాడు, సంఘంలోని విధవరాండ్రకి తలా ఒక సంచి ఇస్తుంది. చందా సంఘానిది. ఏరి తెచ్చే పని మాత్రం ఏళ్ళుగా సాయమ్మది, ఆమె భర్త యెహెజ్కేలుది. ఆయన సిటీ బస్సులో కండక్టరు. ఆమె ఏరుతుంటే వెనక నిలబడి సంచులు మోసేవాడు. ఇంటికొచ్చాక ధరల స్టిక్కర్లు తీసేవాడు. పండగనాడు మైకు అక్కర్లేని గొంతుతో పేర్లు పిలిచేవాడు. మొన్న వానాకాలంలో డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఈ ఏడాదికి వద్దులే అని అందరూ అన్నారు. సాయమ్మ వినలేదు. ఈ సంచులు ఆయన ఉన్నప్పటికంటే ఏ మాత్రం తగ్గకూడదని ఆమె పంతం. తగ్గితే ఆయన నిజంగానే లేడని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె భయం. పంతం సంగతి అందరికీ చెప్పింది. భయం సంగతి ఎవరికీ చెప్పలేదు.

డబ్బాలు కట్టించుకుని పక్క సందులోని చీరల దుకాణానికి నడిచింది. గుమ్మం ముందు బల్ల మీద సేల్ చీరలు కుప్పగా పోసి ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చీరలకి ఫాల్స్ కుట్టి బతికే మనిషి కాబట్టి కుప్పలో చెయ్యి పెట్టగానే ఏది ఒక్క ఉతుక్కే ముడుచుకుపోతుందో వేళ్ళకే తెలుస్తుంది. ఒక్కొక్కటీ లాగి, మడత విప్పి, ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుని చిరుగు ఉందేమో చూస్తోంది. అప్పుడే సాధన స్కూటీ దిగి వచ్చింది. సంఘంలో స్త్రీల కమిటీకి సెక్రటరీ. ముప్పై దాటని పిల్ల, ఏ పనైనా చిటికెలో అయిపోవాలంటుంది.

"వందనాలు ఆంటీ. గివన్ని ఏరుకుంట కూసుంటే ఎప్పటికి తెములుతది? కొత్తపేటల హోల్‌సేల్‌ల ఒకటే డిజైన్ ఎన్నంటే అన్ని ఉన్నయ్. శాంపిల్‌కు ఒకటి తెచ్చిన, జర చూడుండ్రి." సంచిలోంచి బూడిద రంగు చీర తీసింది. "ఫోటోల అందరు ఒక్క తీరుగ నీట్‌గ కనబడ్తరు."

సాయమ్మ చీర కొస పట్టుకుని నలిపి చూసింది. గుడ్డ మంచిదే. వంక పెట్టాల్సిందేమీ లేదు, రంగుకి తప్ప.

"నీట్‌గనే ఉంటది. దవాఖానల ఆయాలు లైన్ల నిలబడ్డట్టు ఉంటది."

"గట్ల కాదాంటీ. విధవరాండ్రకు మరీ గింత రంగులెందుకని..."

"మొగడు పోతే కండ్లు గూడ పోతయా సాధనా?" సాయమ్మ నవ్వుతూనే అంది. "ఏడాదికోపాలి కొత్త చీర కడ్తరు. కౌసల్యవ్వకు ఆకుపచ్చంటే పానం. పోయినేడు ఇచ్చింది కట్టుకుని వీధంత తిరిగి చూపిచ్చింది. ఆమెకు బూడిద ఎట్లియ్యను చెప్పు."

సాధన కూడా నవ్వి, చీర మడిచి లోపల పెట్టుకుంది. పిల్ల మంచిదే, తన మాటే నెగ్గాలనే రకం కాదు. పోబోయి మళ్ళీ ఆగింది. సాయమ్మ మోచెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, ఈసారి మీరు స్టేజి మీద పరేషాన్ కావద్దు. కూసోండ్రి. అందిచ్చేది మేం చూసుకుంటం. మీకు గూడ..." అని ఏదో అనబోయి మింగేసింది.

"నేను కూసుంటే నాకు పిచ్చి లేస్తది బిడ్డా. నువ్వు పేర్లు చదువు, నేనందిస్త."

సాధన తల ఊపి వెళ్ళిపోయింది.

కుప్ప అడుగున ఆవపువ్వు రంగు చీర ఒకటి దొరికింది. మెరూన్ అంచు. ఎక్కడా పోగు లేవలేదు. ఇంత మంచిది అడుగున పడేసినందుకు దుకాణంవాడిని తిట్టాలో, మెచ్చుకోవాలో తెలియక సాయమ్మ చీరని భుజాన వేసుకుని గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, గిదెట్లున్నది?"

వెనక కూరగాయల సంచితో నిలబడ్డ ఎవరో ఆడమనిషి తెల్లబోయి చూసింది. తర్వాత, పాపం, "బాగున్నదక్కా" అంది.

సాయమ్మ చీరని భుజం మీద నుంచి తీసి మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది.

మెట్రో ఎక్కితే ఐదారు నిమిషాల్లో ఎల్బీనగర్ వస్తుంది గానీ ఆమె బస్సే ఎక్కుతుంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన కొత్తలో యెహెజ్కేలు ఆ మాటని ఇంట్లోకి కూడా తెచ్చాడు. డబ్బా మీది ధర స్టిక్కరు ఊడదీసి, బొటనవేలికి అంటించుకుని చూపిస్తూ, "మన సంచులకు గూడ జీరో టికెట్టే. ఎక్కినోళ్ళకు ధర తెల్వొద్దు," అనేవాడు. ఏడాదికొకసారి వచ్చే ఆ మాటకి ఇంటిల్లిపాదీ ఏడాదికొకసారి నవ్వేవాళ్ళు. సాయమ్మ టికెట్టుని పర్సులో పెట్టుకుంది. పారెయ్యాలనిపించలేదు.

గురువారం పొద్దున మేడ మీద్నుంచి కుసుమకుమారి దిగింది. ఇంటి ఓనరు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మార్గశిర లక్ష్మివారాలు తప్పకుండా చేసుకుంటుంది. ఏటా ఒక వారం పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు, జాకెట్టు ముక్క పెట్టుకుని కిందికొచ్చి, "మీరు బొట్టు పెట్టించుకోరని తెలుసనుకోండి, ఈ ముక్క మాత్రం కాదనకూడదు," అని సాయమ్మ చేతిలో పెడుతుంది. సాయమ్మ తీసుకుంటుంది. క్రిస్మస్‌కి కేకు మేడ మీదికి పంపిస్తుంది. అందులో ఎవరికీ ఏ ఇబ్బందీ ఇన్నాళ్ళూ లేదు.

తలుపు తీసిన సాయమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని చాపింది. పళ్ళెం వెనక్కి జరిగింది. చాలా కొంచెమే జరిగింది.

"జోస్నా ఇంట్లో లేదా సాయమ్మగారూ?"

"ఉన్నది. ఏమైందమ్మా?"

"ఏం లేదండీ. ఈసారి అమ్మాయి చేతికిద్దామని..." కుసుమకుమారి ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. "మీరు వేరేగా అనుకోకండి. మా పద్ధతులు అలా ఏడిచాయి."

చాపిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక సాయమ్మ గడప పక్కన ఉన్న చెప్పులు సర్దింది. ఆమె కూతురు జోస్నా, దవాఖానలో బిల్లింగు ఉద్యోగానికి బయల్దేరుతూ జడ వేసుకుంటున్నదల్లా వచ్చి పళ్ళెం అందుకుంది. ఆవిడ మెట్లెక్కిపోగానే జాకెట్టు ముక్కని బల్ల మీదికి విసిరింది.

"మనకొద్దు మమ్మీ గిది. నీ చేతులేమన్న మైలపడ్డయా?"

"ఊకో. ఆమె మంచిదే. వాళ్ళ పద్ధతి గట్లుంటది, ఏం చేస్తది," అంది సాయమ్మ. ముక్క తీసి మడత సరిచేసి సౌజన్య సంచిలో పెట్టింది. "మన దాంట్ల గట్ల ఉండదు గద. గందుకే సంతోషపడాలె."

జోస్నా తల్లి వైపు చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం ముందు గదిలో చాప పరిచారు. సంచులన్నీ గోడవారగా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఆవపువ్వు చీర, నెమలి రంగు చీర, కౌసల్యమ్మ ఆకుపచ్చ చీర ఒక్కో సంచిలోకీ దిగాయి. కొత్త తువ్వాళ్ళని ముందు రోజే ఉతికి ఆరేసింది సాయమ్మ, గంజి పోతే ముసలి ఒంటికి గుచ్చుకోదని. ఇంక మిగిలింది స్టిక్కర్ల పని. యెహెజ్కేలు కూర్చునే చోట, కిటికీ కింద, జోస్నా కూర్చుని గోరుతో గీకుతోంది.

"గోరు పెట్టకు, గీత పడ్తది. నూనె రాసి జరసేపు ఆగు. మీ డాడీ ఎట్ల చేస్తుండె? తొందరపడ్తుండెనా?"

జోస్నా కొబ్బరినూనె సీసాలో వేలు ముంచి స్టిక్కరు మీద రాసింది. కాగితం మెత్తబడే దాకా ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. ఆ ఊరికే కూర్చోవడమే కష్టంగా ఉంది. ఆయనుంటే ఈపాటికి ఏ పాసింజరో చిల్లర కోసం చేసిన గొడవ చెప్పి ఇద్దరినీ నవ్వించేవాడు. సాయమ్మకి ఆ గొడవల్లో ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాలేదు. అప్పుడు సరిగ్గా వినలేదని ఇప్పుడు తెలిసింది.

"మమ్మీ, రేపు నువ్వు స్టేజి ఎక్కకు."

"మల్ల ఎవరందిస్తరు?"

"సాధనక్కోళ్ళు అందిస్తరు."

"వాళ్ళకు ఎవరి సంచి ఎవరిదో తెలుస్తదా? బిగుతు మూత తీస్కపోయి కౌసల్యవ్వకిస్తరు. ఆమె పండ్లతోని పీకుతది." సాయమ్మ నవ్వింది. జోస్నా నవ్వలేదు. "ఏందే, గట్లున్నవ్?"

"ఏం లేదు. రేపు మనం పోకుంటేంది? నీకు ఒంట్ల బాగలేదని చెప్త."

"నాకేమైంది? మీ డాడీ ఉంటే పోకుంట ఉంటుండెనా?"

జోస్నా చేతిలోని డబ్బా కింద పెట్టింది. నూనె చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది. సాయమ్మ చివరి డబ్బా మీది స్టిక్కరు బొటనవేలితో తోసింది. కాగితం చుట్టలు చుట్టుకుని ఊడొచ్చింది. డబ్బాని పొడిగుడ్డతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, సంచిలో పెట్టింది. చీర రంగు దారంతో సంచుల మూతులు కట్టింది. అన్నీ కట్టాక దూరంగా నిలబడి చూసుకుంది. తగ్గలేదు. ఆయనున్నప్పటికంటే ఏ మాత్రం తగ్గలేదు. వానాకాలం తర్వాత ఆమెకి ఆ పూటే గుండెల నిండా ఊపిరందింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సెమీ క్రిస్మస్ మొదలైంది. రంగు కాగితాల నక్షత్రం కింద పిల్లలు పాటలు పాడారు, పాస్టరయ్యగారు కేకు కోశారు. వెనక షామియానాలోంచి బిర్యానీ వాసన వచ్చేసరికి ప్రసంగం కూడా కొంచెం తొందరగా ముగిసింది. ముందు వరస కుర్చీల్లో విధవరాండ్రు కూర్చున్నారు. సాయమ్మ స్టేజి మీద బల్ల వెనక నిలబడింది. సాధన మైకు పట్టుకుని ఒక్కో పేరూ చదువుతుంటే, సాయమ్మ దారం రంగు చూసి సంచి తీసి అందిస్తోంది. ఒక్కటి కూడా తారుమారు కాలేదు.

కౌసల్యమ్మ రెండు మెట్లూ ఎక్కి వచ్చి, సంచి తీసుకుని, ఖాళీగా ఉన్న పక్కకి చూసింది.

"కౌసల్యమ్మా, నీ స్టాపొచ్చింది దిగు, అంటుండె గద, నా కొడుకసొంటి యెహెజ్కేలు," అంది. వణికే చేత్తో సాయమ్మ చెంప తడిమింది. సాయమ్మ ఆమెని జాగ్రత్తగా మెట్లు దింపింది.

సౌజన్య సంచితో బల్ల ఖాళీ అయ్యింది. సాయమ్మ బల్ల గుడ్డ ముడతలు సరిచేసింది. అయిపోయింది, ఎక్కడా మాట పడకుండా అయిపోయింది అనుకుంది.

"ఇంకొక్క పేరున్నది," అంది సాధన మైకులో.

సాయమ్మ ఖాళీ బల్ల వైపు చూసింది. ఎవరు? ఎవర్ని మర్చిపోయింది? ఈ ఏడాది కొత్తగా ఎవరి భర్త పోయాడు? సంఘంలోని ఇళ్ళన్నీ గబగబా తలుచుకుంది. ఎవరూ తోచలేదు. తన పంతమంతా నీళ్ళపాలైనట్టే, ఎవరో ఒక ఆడమనిషి ఇంతమందిలో ఖాళీ చేతులతో మిగిలిపోతుంది. ఆయనుంటే ఈ తప్పు జరగనిచ్చేవాడు కాదు. అంతలో సాధన వంగి, స్టేజి పక్కన కుర్చీ కింద దాచిన ఇంకో సంచి తీసి ఆమె చేతుల్లో పెట్టింది. సాయమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్ల ఎంత ముందుచూపు గలది! సంచిని రెండు చేతులా పట్టుకుని, వచ్చే మనిషి కోసం జనంలోకి చూసింది.

"ప్రభువునందు నిద్రించిన మన యెహెజ్కేలన్న భార్య, సిస్టర్ సాయమ్మ."

సాయమ్మ ఇంకా జనంలోకే చూస్తోంది. ఎవరూ లేవలేదు. చప్పట్లు మొదలయ్యాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. అందరూ తననే చూస్తున్నారని, వచ్చే మనిషి ఎవరూ లేరని అర్థం కావడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది.

"అమ్మా, సంచి జర పైకి పట్టుండ్రి. ఇటు చూడుండ్రి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఆమె సంచి పైకి పట్టింది. అటు చూసింది.

"మిమ్మల్ని మర్చిపోతే ఎట్లాంటీ," అంది సాధన ఆమె చెవిలో. ఆ పిల్ల కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "అన్న ఇన్నేండ్లు చేసిండు. మీ పేరు లేకుంటే మాకు బాధైతది."

సాయమ్మ సంచిని కిందికి దించింది. ఎవరైనా అవమానించి ఉంటే తిట్టి ఉండేది. ప్రేమగా పెట్టినదాన్ని ఎలా తోసేస్తారు?

మెట్లు దిగింది. ఏటా దిగగానే వంట దగ్గరికి వెళ్ళి గిన్నెలు అందుకునేది. ఇప్పుడు చేతిలో సంచి ఉంది. సంచితో అటు ఎలా వెళ్ళాలో తెలియక దారి మధ్యలో నిలబడిపోయింది. ముందు వరసలో కౌసల్యమ్మ తన పక్క కుర్చీ మీది సంచిని తీసి కింద పెట్టుకుంది. ఖాళీ అయిన కుర్చీని అరచేత్తో తట్టింది.

"రా బిడ్డ. ఈడ కూసో."

సాయమ్మ కూర్చుంది. అక్కడ్నుంచి చూస్తే స్టేజి ఎత్తుగా ఉంది. రెండు మెట్లే గానీ, బల్ల వెనక నిలబడ్డవాళ్ళ మొహాలు చూడాలంటే తలెత్తాల్సి వస్తోంది. ఇన్నేళ్ళుగా ఈ ముసలమ్మలందరూ తన వైపు ఇలాగే తలెత్తి చూశారన్నమాట. భోజనాలయ్యే దాకా ఆమె ఆ కుర్చీలోనే ఉంది. తిన్నదో లేదో ఆమెకి గుర్తు లేదు.

ఇంటికొచ్చాక జోస్నా తాళం తీసి, లైటు కూడా వేయకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

"నాకు తెల్సు మమ్మీ. సాధనక్క బుధవారమే ఫోన్ చేసింది. నీకు చెప్దామనుకున్న. నోరు రాలే."

సాయమ్మ లైటు వేసింది. కిటికీ కింద, ఆయన చోట కూర్చుని సంచి మూతి విప్పింది. దాన్ని తెల్ల దారంతో కట్టారు. పైన బూడిద రంగు చీర. కొత్తపేట హోల్‌సేల్ శాంపిల్. కింద తువ్వాలు, గంజి వాసనతో పెళపెళలాడుతోంది. అడుగున డబ్బా. ఆమె అలవాటుగా మూత తీసి, పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. టక్కుమనలేదు. ఒక మూల పైకి లేచే ఉంది. డబ్బాని తిప్పి చూసింది. వెనక స్టిక్కరు అలాగే ఉంది. తొంభై తొమ్మిది రూపాయలు.

ఆమె బొటనవేలితో దాని అంచు తడిమి చూసింది.

"నూనె తే," అంది.

జోస్నా కొబ్బరినూనె సీసా తెచ్చి ఎదురుగా కూర్చుంది. సాయమ్మ వేలితో నూనె రాసింది. కాగితం మెత్తబడే దాకా ఆగింది. తొందరపడలేదు. తర్వాత బొటనవేలితో మెల్లగా తోయడం మొదలుపెట్టింది.

"మనింట్ల ఉండే డబ్బానే గద మమ్మీ. ఎవరు చూస్తరు? ఎందుకు తీస్తున్నవ్?"

"ఉండొద్దు బిడ్డా. విధవరాలికిచ్చిన డబ్బా మీద ధర ఉండొద్దు. మీ డాడీ ఒప్పుకోడు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక వేలు ఆగిపోయింది. ఇన్ని నెలల్లో తన గురించి తాను ఆ మాట అనడం అదే మొదలు. స్టిక్కరు సగం ఊడి, నూనెతో ఆమె బొటనవేలికి అతుక్కుంది. ఆయన చూపించినట్టే వేలెత్తి కూతురికి చూపించబోయింది. నవ్వించే ఆ జీరో టికెట్ మాట అనబోయింది. నోట్లోంచి మాట రాలేదు, ఏడుపు వచ్చింది. ఆయన్ని మట్టి చేసిన రోజున కూడా రాని ఏడుపు, మేడ మీదికి వినిపించేంత ఏడుపు.

జోస్నా డబ్బాని తల్లి ఒళ్ళోంచి తీసుకుంది. మిగిలిన సగం మీద ఇంకాస్త నూనె రాసి, గోరు తగలకుండా తోయసాగింది.